అమ్మానాన్న లేని తమ్ముడికి, చెల్లికి కోర్టు ద్వారా గార్డియన్ కావాలంటే

అమ్మానాన్న ఇద్దరూ పోయిన ఇంట్లో పద్దెనిమిది నిండిన అక్కో అన్నో ఉంటే, చిన్నవాళ్ల భారం అడగకుండానే వాళ్ల మీద పడుతుంది. వండి పెట్టడానికి, బడికి పంపడానికి, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కంతా కాగితం దగ్గర వస్తుంది. నాన్న ఖాతాలో ఉన్న డబ్బులో తమ్ముడి వాటా ఇవ్వమంటే బ్యాంకువాళ్లు "గార్డియన్‌షిప్ ఆర్డర్ తెచ్చుకోండి" అంటారు. చెల్లికి పాస్‌పోర్టు తీయబోతే అక్కడా అదే మాట.

వాళ్లు అలా అనడానికి కారణముంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 ప్రకారం పెళ్లికాని మైనరుకు సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అంతే. అక్క, అన్న ఆ వరుసలో లేరు. నాన్నమ్మ, తాతయ్య, మేనమామ, బాబాయి కూడా లేరు. పైగా అదే చట్టం సెక్షన్ 11, పిల్లల్ని చూసుకుంటున్నంత మాత్రాన వాళ్ల ఆస్తి జోలికి వెళ్లే హక్కు ఎవరికీ రాదని తేల్చి చెబుతుంది. ఆ హక్కు కోర్టు ఇవ్వాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఇస్తుంది. కోర్టు ఆవరణలో ఈ కేసుని జీడబ్ల్యూఓపీ అంటారు. హిందువులైనా, ముస్లింలైనా, క్రైస్తవులైనా అర్జీ పెట్టేది ఈ చట్టం కిందే.

ముందు కోర్టు అవసరమా కాదా చూసుకోండి

చాలామంది ఇక్కడే పొరపడతారు. అవసరం లేని పనికి కోర్టుకెళ్లి నెలలు పోగొట్టుకునేవాళ్లు కొందరు, అవసరమైన పనికి నోటరీ కాగితంతో సరిపెట్టుకుని తర్వాత ఇరుక్కునేవాళ్లు ఇంకొందరు.

బడిలో చేర్చడానికి కోర్టు ఆర్డర్ అడగరు. అప్లికేషన్‌లో గార్డియన్ గడిలో మీ పేరు రాసి, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు జత చేస్తే చాలు. అత్యవసర వైద్యానికీ అక్కర్లేదు. రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ల నష్టపరిహారం కేసులో మైనరు తరఫున మీరే, కేసు నడిపే మనిషిగా, అంటే నెక్స్ట్ ఫ్రెండ్‌గా సంతకం పెట్టవచ్చు, దానికి ముందుగా గార్డియన్ ఆర్డర్ తెచ్చుకోనక్కర్లేదు. అయితే ఆ కేసుని ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేసేయండి. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆ గడువు పెట్టారు. గార్డియన్‌షిప్ తేలాక చూద్దామని కూర్చుంటే ఆ 6 నెలలు గడిచిపోతాయి.

ఎల్ఐసీ పాలసీలో నామినీ మైనరైతే, పాలసీ తీసుకున్నప్పుడే అపాయింటీ అని ఒకరి పేరు రాయించి ఉంటారు. ఆ అపాయింటీ బతికి ఉంటే సొమ్ము ఆయన చేతికే వస్తుంది. కాబట్టి బాండు కాగితం తీసి ముందు ఆ పేరు చూడండి. అమ్మ పేరే అపాయింటీగా ఉండి ఆమె కూడా పోయి ఉంటే అప్పుడు కోర్టు ఆర్డర్ అడుగుతారు.

నాన్నకో అమ్మకో పీఎఫ్ ఉంటే ఇది తప్పక తెలుసుకోవాలి. చనిపోయిన సభ్యుడి మైనరు పిల్లలకు చెందిన సొమ్ము ఆ పిల్లల సొంత బ్యాంకు ఖాతాలోకే వెళ్లేటట్టయితే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టవద్దని ఈపీఎఫ్‌ఓ 2025 ఆగస్టులో తన ఆఫీసులకు చెప్పింది. మరోపక్క 2025లోనే రిజర్వు బ్యాంకు, 10 ఏళ్లు నిండిన పిల్లలు తమ పేరుతో సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకునేందుకు బ్యాంకులు అనుమతించవచ్చని చెప్పింది. పరిమితులు మాత్రం బ్యాంకు పెట్టుకుంటుంది. అంటే పన్నెండేళ్ల తమ్ముడికి ఖాతా తెరిపిస్తే పీఎఫ్ వరకు కోర్టు మెట్లు ఎక్కకుండానే పని జరగవచ్చు. పీఎఫ్ సొమ్ముకి ఫారం 20, పీఎఫ్‌తో ముడిపడిన బీమాకి ఫారం 5ఐఎఫ్, పింఛనుకి ఫారం 10డి. ఈ మూడూ ఒకేసారి పెట్టండి. పింఛను పథకంలో ఇద్దరు తల్లిదండ్రులూ లేని పిల్లలకు అనాథ పింఛను ఉంది. వితంతు పింఛనులో 75 శాతం, ఒక్కొక్కరికి నెలకు కనీసం రూ.750. ఇది 18తో ఆగదు, 25 ఏళ్ల వరకు వస్తుంది, ఒకేసారి ఇద్దరికి ఇస్తారు. మీకు 21 ఏళ్లయితే మీరూ అర్హులే. ఈ సంగతి తెలియక పెద్దవాళ్లు తమ వాటా అడగడమే మానేస్తారు.

ఇక కోర్టు తప్పనిసరిగా కావలసినవి: మైనరు వాటా ఉన్న ఇల్లో పొలమో అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా, పెద్ద మొత్తంలో బ్యాంకు డిపాజిట్ మైనరు పేర తీసుకోవాలన్నా, పాస్‌పోర్టుకి, విదేశానికి తీసుకెళ్లడానికి, బంధువులెవరైనా పిల్లవాణ్ణి మీ దగ్గర ఉంచనివ్వనప్పుడు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద బంధువులంతా సంతకాలు పెట్టి, నోటరీ చేయించి, "ఈ పిల్లలకు ఇకనుంచి ఫలానా అక్కే గార్డియన్" అని రాయించుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ఆ కాగితానికి గార్డియన్ని చేసే శక్తి లేదు. తహసీల్దారుకు కూడా ఆ అధికారం లేదు, ఆయన ఇచ్చేది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మాత్రమే. అయితే బంధువుల సంతకాలున్న ఆ కాగితాన్ని పారేయకండి. కోర్టులో వాళ్లకు అభ్యంతరం లేదని చూపించడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి ఇప్పుడే మనసులో పెట్టుకోండి. గార్డియన్ ఆర్డర్ మైనరు తరఫున ఎవరు సంతకం పెట్టాలో చెబుతుంది. ఆ డబ్బు ఎవరిదో అది చెప్పదు. నామినీ లేని పెద్ద డిపాజిట్‌కి బ్యాంకు వారసత్వ ధ్రువపత్రం కూడా అడిగితే, దానికి సివిల్ కోర్టులో వేరే పిటిషన్ వేయాలి. రెండూ కావాలని ముందే తెలిస్తే ఒకే వకీలుతో ఒకేసారి మొదలుపెట్టవచ్చు. అందుకని బ్యాంకువాళ్లు నోటితో చెప్పింది విని వచ్చేయకండి. ఏ కాగితం కావాలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ ఉత్తరమే తర్వాత మీ పిటిషన్‌కి ఆధారమవుతుంది.

ఏ కోర్టు

పిల్లవాడు మామూలుగా ఎక్కడ నివసిస్తాడో ఆ ప్రాంతపు కోర్టు. మీ ఉద్యోగం హైదరాబాదులో, తమ్ముడు నరసన్నపేటలో నాన్నమ్మ దగ్గర ఉండి చదువుతుంటే కేసు శ్రీకాకుళం జిల్లాలోనే వేయాలి. హాస్టల్లో ఉంటే హాస్టల్ ఉన్న ఊరని కాకుండా, సెలవులకు ఏ ఇంటికి వస్తాడో ఆ ఇల్లు చూపించడం మంచిది. ఆస్తికి మాత్రమే గార్డియన్‌షిప్ కోరితే ఆస్తి ఉన్న చోట కూడా వేయవచ్చు.

గార్డియన్‌షిప్ రెండు రకాలు: మనిషికి, ఆస్తికి. ఫ్యామిలీ కోర్టు ఉన్న ఊళ్లలో మనిషి సంరక్షణ వ్యవహారం దాని ముందుకు వెళ్తుంది. ఆస్తి విషయం జిల్లా కోర్టుది, హైదరాబాదులో అయితే సిటీ సివిల్ కోర్టుది. మీకు రెండూ కావాలంటే మీ జిల్లాలో ఏ కోర్టు తీసుకుంటోందో దాఖలు చేసే ముందే వకీలు చేత ఫైలింగ్ సెక్షన్‌లో కనుక్కోమనండి. తప్పు కోర్టులో వేస్తే అర్జీ వాపసు వస్తుంది, నెల పోతుంది.

వకీలు ఫీజు కట్టే స్థితి లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. అడిగేది అన్నయ్య అయినా, కేసు మైనరు మేలు కోసమని చెప్పి మైనరు పేర కూడా సాయం కోరండి.

కాగితాలు

అమ్మ, నాన్న ఇద్దరి మరణ ధ్రువపత్రాలు. మైనరు బర్త్ సర్టిఫికెట్. మైనరు స్టడీ సర్టిఫికెట్. మీ వయసుకి టెన్త్ మెమో. ఇద్దరి ఆధార్. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇది మీసేవలోనో సచివాలయంలోనో పెట్టుకుంటే తహసీల్దారు విచారణ చేయించి ఇస్తారు. మీ ఆదాయానికి జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఆస్తి ఉంటే దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పట్టాదారు పాస్‌బుక్, సబ్‌రిజిస్ట్రారు ఇచ్చే మార్కెట్ విలువ పత్రం. బ్యాంకు డిపాజిట్ల రసీదులు. ప్రతిదీ కోర్టుకు ఒక సెట్టు, ప్రతివాదులు ఎంతమంది ఉంటే అన్ని సెట్లు, మీకొకటి.

ఎక్కువ కేసులు నడుం విరిగేది పేర్ల దగ్గర. నాన్న మరణ ధ్రువపత్రంలో "కె. వెంకట రావు", తమ్ముడి స్కూలు రికార్డులో "కొల్లి వెంకటరావు", ఆధార్‌లో "వెంకట్రావు కొల్లి" అని ఉంటే, ముగ్గురూ ఒకరేనా అని ఆఫీసు అడుగుతుంది. దిద్దించుకోగలిగినవి దాఖలుకు ముందే దిద్దించుకోండి. వీలుకానివాటికి పిటిషన్‌లోనే "ఫలానా, ఫలానా అని కూడా పిలిచే ఒకే వ్యక్తి" అని రాయించి, అఫిడవిట్ జత చేయండి. పుట్టిన తేదీలోనూ అంతే. ఆధార్‌లో ఉన్న తేదీని పుట్టిన తేదీకి రుజువుగా నమ్ముకోవద్దు. బర్త్ సర్టిఫికెట్, స్కూలు రికార్డు కలవాలి. తమ్ముడికి 18 ఎప్పుడు నిండుతుందో ఆ తేదీ మీదే ఆర్డర్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది కాబట్టి జడ్జి ఇది పట్టించుకుంటారు. (పాతకాలంలో కోర్టు గార్డియన్ని పెట్టిన పిల్లలకు 21కి గానీ మేజారిటీ వచ్చేది కాదు. 1999లో చట్టం సవరించాక అందరికీ 18 ఏళ్లే. పెద్ద వయసు గుమాస్తాలు కొందరు ఇంకా 21 అని చెబుతుంటారు, కంగారు పడకండి.)

పిటిషన్‌లో ఏముండాలి

1890 చట్టం సెక్షన్ 10 (ఇకమీదట చట్టం పేరు చెప్పని సెక్షన్లన్నీ ఈ చట్టానివే) ఏమేం రాయాలో వరుసగా చెబుతుంది: మైనరు పేరు, ఆడో మగో, మతం, పుట్టిన తేదీ, నివాసం, ఆస్తి ఏమిటి, ఎక్కడ, సుమారు విలువ, ప్రస్తుతం పిల్లవాడు ఎవరి దగ్గర ఉన్నాడు, దగ్గరి బంధువులెవరు, వాళ్ల చిరునామాలు, ఇంతకుముందు ఎవరైనా ఇలాంటి అర్జీ పెట్టారా, మనిషికా, ఆస్తికా, రెండింటికా, మీ అర్హతలేమిటి, ఇప్పుడెందుకు అడుగుతున్నారు. వీటితో పాటు, గార్డియన్‌గా ఉండటానికి సమ్మతిస్తున్నానని మీరు సంతకం పెట్టిన ప్రకటన, దానిమీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఈ ప్రకటన లేదనే చిన్న కారణంతో అర్జీలు వాపసు వస్తుంటాయి.

పిటిషన్లు మామూలుగా ఇంగ్లిష్‌లో తయారవుతాయి. మీకు రాకపోతే వకీలు చేత వాక్యం వాక్యం తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి. రేపు బోనులో "ఇందులో రాసింది నీకు తెలుసా?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయించాల్సింది చివర ఉండే కోరిక భాగం. "మైనరుకి నన్ను గార్డియన్‌గా నియమించ ప్రార్థన" అని ఒక్క వాక్యంతో వదిలేస్తే ఆర్డర్ కూడా ఒక్క వాక్యమే వస్తుంది. దాన్ని బ్యాంకుకు తీసుకెళ్తే "ఈ ఖాతా గురించి ఇందులో లేదు" అని పంపేస్తారు, మళ్లీ కోర్టుకి తిరగాలి. ఏ కాగితం ఎక్కడ ఆగిందో అది పేరుపేరునా కోరికలో ఉండాలి. ఉదాహరణకి ఇలా:

"మైనరు సంరక్షణకు, దిగువ షెడ్యూలు ఆస్తికి పిటిషనరును గార్డియన్‌గా నియమించాలని, ఫలానా బ్యాంకు ఫలానా శాఖలో ఫలానా నంబరు డిపాజిట్‌లో మైనరుకు చెందిన వాటాను తీసుకుని మైనరు పేర జాతీయ బ్యాంకులో, అతనికి 18 నిండే తేదీ వరకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడానికి, దానిమీద మూడు నెలలకోసారి వచ్చే వడ్డీని మైనరు చదువు ఖర్చులకు వాడటానికి అనుమతించాలని, మైనరు పేర పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసి సంతకాలు పెట్టడానికి అధికారం ఇవ్వాలని..."

అసలు మొత్తాన్ని చేతికివ్వమని కాకుండా డిపాజిట్‌లో పెట్టి వడ్డీ ఇవ్వమని అడగడం చూడండి. పిల్లల డబ్బు కరిగిపోతుందేమో అన్న భయం జడ్జికి ఎప్పుడూ ఉంటుంది. ఆ భయం తీరేలా మీరే అడిగితే అర్జీ తేలిగ్గా నడుస్తుంది. ఫీజు కట్టే గడువో, ఆపరేషనో మీద పడితే సెక్షన్ 12 కింద మధ్యంతర ఉత్తర్వు కోసం పిటిషన్‌తో పాటే ఐఏ (అసలు కేసులో భాగంగా వేసే చిన్న అర్జీ) వేయించండి. ఏప్రిల్‌లో వేస్తున్నట్టయితే ఇది మరీ ముఖ్యం. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, జూన్‌లో బడులు తెరుస్తారు.

ఆస్తి గురించి ఒక మెలిక. మైనరుకు ఉన్నది విడదీయని ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా అయి, దాన్ని ఇంట్లో పెద్దవాళ్లెవరో చూసుకుంటుంటే, 1956 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆ వాటాకి గార్డియన్ని నియమించరు. నాన్న సొంత సంపాదనతో కొన్నదైతే ఈ అడ్డు లేదు. అందుకే ప్రతి ఆస్తి పక్కనా స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది, ఏ దస్తావేజు ద్వారా వచ్చిందన్నది స్పష్టంగా రాయించాలి.

వాటాల లెక్కా సరిగ్గా ఉండాలి. హిందువుల్లో నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తికి భార్యా పిల్లలతో పాటు ఆయన తల్లి కూడా మొదటి తరగతి వారసురాలు. నాన్నమ్మ బతికి ఉండగా ఆమె పేరు వదిలేసి, ఆస్తంతా అక్కాతమ్ముళ్లదే అని రాస్తే ఆ ఒక్క తప్పుతో కేసు మొత్తం మీద అనుమానం వస్తుంది. అమ్మ సొంత ఆస్తి విషయంలో ఆ చిక్కు లేదు, అది ముందు పిల్లలకూ భర్తకూ వెళ్తుంది.

బంధువులు

దగ్గరి బంధువుల్ని ప్రతివాదులుగా చూపాలి. నాన్నమ్మ, తాతయ్య, అమ్మమ్మ, పెదనాన్న, బాబాయి, మేనమామ. గొడవ పడిన బాబాయి పేరు కావాలని దాచేస్తారు కొందరు. ఆర్డర్ వచ్చాక ఆయన వచ్చి "నాకు నోటీసే ఇవ్వలేదు" అంటే వచ్చిన ఆర్డర్ కూడా ప్రమాదంలో పడుతుంది. అందరి పేర్లూ పెట్టండి. అభ్యంతరం లేనివాళ్ల దగ్గర అఫిడవిట్ తీసుకోండి, వీలైతే ఒకసారి కోర్టుకి వచ్చి చెప్పమనండి. నోటీసు తీసుకోనివాళ్ల విషయంలో, ఇంకెవరికైనా అభ్యంతరముంటే తెలియాలనీ కోర్టు తెలుగు దినపత్రికలో ప్రకటన వేయమంటుంది. ఆ రోజు పేపరు పూర్తి ప్రతి దాచి, మెమోతో దాఖలు చేయాలి. ఈ కేసులో వకీలు ఫీజు తర్వాత పెద్ద ఖర్చు ఈ ప్రకటనే, ముందే పక్కన పెట్టుకోండి.

తల్లిదండ్రుల్లో ఒకరు బతికి ఉంటే పరిస్థితి వేరు. సెక్షన్ 19 ప్రకారం, బతికి ఉన్న తండ్రో తల్లో అనర్హులని కోర్టు తేల్చితే తప్ప మైనరు మనిషికి ఇంకొకర్ని గార్డియన్‌గా పెట్టదు. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది, నాన్న తాగుతాడు అన్న మాట ఒక్కటే చాలదు. ఎన్నేళ్లుగా పట్టించుకోలేదు, ఖర్చులెవరు పెట్టారు, పిల్లవాడి మీద చేయి చేసుకున్నాడా, కేసులున్నాయా అన్నదానికి కాగితం కావాలి: పోలీసు ఫిర్యాదు, ఆస్పత్రి రికార్డు, స్కూలు ఫీజు రసీదులు ఎవరి పేర ఉన్నాయి. పిల్లవాడు ప్రమాదంలో ఉంటే కోర్టు కోసం ఆగవద్దు. 1098కి ఫోన్ చేయండి, జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచండి. పిల్లవాణ్ణి ఎక్కడ ఉంచాలో తక్షణం నిర్ణయించే అధికారం ఆ సమితికి ఉంది.

అమ్మ బతికి ఉండి నయం కాని జబ్బుతో ఉంటే మాత్రం చేయగలిగిన మంచి పని ఒకటుంది. నాన్న లేనప్పుడు హిందూ తల్లి వీలునామా ద్వారా తన మైనరు పిల్లలకు గార్డియన్ని నియమించవచ్చు, 1956 చట్టం సెక్షన్ 9 ఆ హక్కు ఇచ్చింది. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రిజిస్టరు చేయిస్తే బ్యాంకులు తేలిగ్గా ఒప్పుకుంటాయి. ఆ మంచం పక్కన ఈ మాట ఎత్తడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఎత్తండి. అమ్మకీ ఆ దిగులే ఉంటుంది.

కోర్టు ఏం చూస్తుంది

మీకు తమ్ముడంటే ఎంత ప్రేమ అన్నది తూచే సాధనం కోర్టు దగ్గర లేదు. సెక్షన్ 17 చెప్పేది పిల్లవాడి క్షేమం: వయసు, మతం, మీ నడవడి, మీ సామర్థ్యం, బంధుత్వం, పోయిన తల్లిదండ్రుల కోరిక. పందొమ్మిదేళ్ల అమ్మాయో ఇరవై ఏళ్ల కుర్రాడో నిలబడితే జడ్జి మనసులో వచ్చే ప్రశ్నలు ఊహించడం కష్టం కాదు. నువ్వు డ్యూటీకి వెళ్తే పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటాడు? నీకు పెళ్లయితే? నీ చదువు సంగతేంటి? ఇల్లు ఎవరిది?

వీటికి మాటల్లో కన్నా ఒక పేజీ కాగితంలో జవాబు చెప్పండి. నెల లెక్క రాయండి. జీతం రూ.21,000. అద్దె 6,000, సరుకులు, పాలు 6,500, కరెంటు, గ్యాస్ 1,400, స్కూలు ఫీజు నెలకు సర్దితే 2,500, బస్ పాస్, ఆటో 900, మందులు 500. మొత్తం 17,800, మిగిలేది 3,200. దానికింద రోజు ఎలా గడుస్తుందో రాయండి: ఉదయం ఎనిమిదిన్నరకి బడి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు వరకు అమ్మమ్మ ఇంట్లో, తర్వాత మీ దగ్గర. ఆ అమ్మమ్మ అఫిడవిట్ జత చేయండి. అన్న ఒక్కడే ఉండి చెల్లికి గార్డియన్‌షిప్ అడుగుతున్నప్పుడు ఇంట్లో పెద్ద ఆడదిక్కు ఎవరున్నారని తప్పకుండా అడుగుతారు. పెళ్లైన అక్క అయితే బావగారి సమ్మతి అఫిడవిట్ ఉండాలి.

ఆదాయం లేదా, ఇంకా చదువుకుంటున్నారా? అర్జీ పెట్టకూడదని లేదు. పింఛను, డిపాజిట్ వడ్డీ చూపించండి. మనిషికి ఒకరిని, ఆస్తికి ఇంకొకరిని గార్డియన్‌గా పెట్టే వీలు సెక్షన్ 15లో ఉంది. అక్క పిల్లవాణ్ణి చూసుకుంటూ, నమ్మకమైన మేనమామ పొలం లెక్కలు చూడటం కొన్ని ఇళ్లలో మంచి ఏర్పాటు. నమ్మకం లేని చోట మాత్రం మొహమాటానికి ఒప్పుకోవద్దు.

విచారణ రోజు మీరు మొదటి సాక్షి. మీ సాక్ష్యాన్ని రాతలో ఇచ్చే చీఫ్ అఫిడవిట్ వేస్తారు, అసలు కాగితాలు ఎగ్జిబిట్లుగా గుర్తు పెడతారు, కాబట్టి ఒరిజినల్స్ అన్నీ వెంట ఉండాలి. రెండో సాక్షిగా పక్కింటివాళ్లో, స్కూలు టీచరో వస్తే బలం. పిల్లవాడికి ఊహ తెలిసే వయసుంటే జడ్జి తన గదిలోకి పిలిచి మాట్లాడతారు, మీరు బయటే ఉంటారు. ఏం చెప్పాలో నేర్పించకండి. వల్లించిన మాట జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది. "జడ్జిగారు నీతో మాట్లాడతారు, నీకు అనిపించింది చెప్పు" అని ముందురోజు చెప్పి, కడుపునిండా తినిపించి తీసుకెళ్లండి. కోర్టులో పిలుపు సాయంత్రం దాకా రాకపోవచ్చు, ఒక పుస్తకం, నీళ్లు సంచిలో పెట్టుకోండి.

వాయిదాలు మీరే చూసుకోవచ్చు. కేసుకి 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుంది. ఎవరూ అడ్డు చెప్పకపోయినా కొన్ని నెలలు పడుతుంది. పిటిషనరు రాలేదని కేసు కొట్టేస్తే మళ్లీ మొదటికి వస్తుంది, ఒక్క వాయిదా కూడా తప్పవద్దు.

ఆర్డర్ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి నాలుగైదు తీసుకోండి. బ్యాంకు, పాస్‌పోర్టు ఆఫీసు, పింఛను ఆఫీసు ఒక్కొక్కటీ ఒకటి ఉంచుకుంటాయి. బాండు, పూచీ రాయమని ఆర్డర్‌లో ఉంటే అవి ఇచ్చేదాకా పని కదలదు. కోర్టు కోరితే ఆస్తి, డబ్బు, అప్పుల జాబితా నియామకం జరిగిన 6 నెలల్లోపు దాఖలు చేయాలి, తర్వాత చెప్పిన గడువులకు లెక్కలు చూపాలి. మైనరు డబ్బుకి విడిగా ఒక ఖాతా, ఒక నోటుబుక్కు పెట్టండి. మీ జీతం, వాడి వడ్డీ ఒకే ఖాతాలో కలిస్తే రెండేళ్ల తర్వాత ఏది ఎవరిదో మీరు కూడా చెప్పలేరు.

గార్డియన్ అయ్యాను కదా అని పొలం అమ్మడానికి లేదు. సెక్షన్ 29 ప్రకారం అమ్మకం, తాకట్టు, దానం, మార్పిడి, ఐదేళ్లు దాటిన లీజు, మైనరుకు మేజారిటీ వచ్చాక ఏడాది మించి సాగే లీజు, వీటన్నిటికీ ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. తప్పనిసరి అవసరమో, మైనరుకు స్పష్టమైన లాభమో చూపిస్తేనే అనుమతి వస్తుంది. అనుమతి లేకుండా రిజిస్ట్రేషన్ జరిగినా తర్వాత మైనరు దాన్ని రద్దు చేయించగలడు, మేజారిటీ వచ్చాక మూడేళ్ల దాకా ఆ గడువు ఉంటుంది. "ముందు అమ్మేద్దాం, అనుమతి తర్వాత తెద్దాం" అనే మధ్యవర్తి మాట వినకండి.

మనిషికి గార్డియన్‌గా ఉన్నవాళ్లు కోర్టు అనుమతి లేకుండా మైనరును ఆ కోర్టు పరిధి దాటించి తీసుకెళ్లకూడదని సెక్షన్ 26. శ్రీకాకుళంలో ఆర్డర్ తీసుకుని ఉద్యోగం కోసం తమ్ముడితో సహా హైదరాబాదుకో, బెంగళూరుకో కాపురం మార్చాలంటే ముందు ఒక ఐఏ వేయండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడిన అన్నయ్య చెల్లిని తనతో తీసుకెళ్లాలనుకుంటే ఈ విషయం మొదటి పిటిషన్‌లోనే, ఏ దేశం, ఏ ఊరు, ఏ చదువు అన్న వివరాలతో సహా అడగాలి.

ఇంటి ఖర్చుకి ఒక ఆసరా ఉంది, అడగనివాళ్లే ఎక్కువ. మిషన్ వాత్సల్య కింద తల్లిదండ్రుల్లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. దీనికి గార్డియన్ ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

తమ్ముడికో చెల్లికో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, ఒకటికి మించిన వైకల్యాలు ఉంటే, 18 నిండగానే కోర్టు గార్డియన్‌షిప్ ఆగిపోతుంది కానీ అవసరం ఆగదు. ఆ తర్వాత దారి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. 18 రాకముందే వైకల్య ధ్రువపత్రం సిద్ధం చేసుకుంటే మధ్యలో ఖాళీ పడదు.

మామూలు పిల్లల విషయంలో 18వ పుట్టినరోజుతో మీ అధికారం ముగుస్తుంది. ఆ నెలలో తమ్ముణ్ణి బ్యాంకుకి తీసుకెళ్లి కేవైసీ మార్పించి ఖాతా వాడి చేతికివ్వండి, డిపాజిట్ రసీదులు, దస్తావేజులు, లెక్కల నోటుబుక్కు అప్పజెప్పండి. అందినట్టు సంతకం తీసుకోండి. కోర్టు లెక్కలు అడిగిన కేసైతే ఆ రసీదు జతచేసి, చివరి లెక్క దాఖలు చేసి, బాధ్యత నుంచి విముక్తి ఉత్తర్వు తీసుకున్నాకే బాండు, పూచీ ఇచ్చినవాళ్లు కూడా బయటపడతారు.